ఎదురు తిరిగిన గాలి

“అమ్మ దిగనంటోంది,” అన్నాడు కొడుకు, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి.

కోడలు చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఈ పూట ఎవరూ ఏమీ అడగలేదు కూడా.

“నీళ్ళన్నా తాగారా?”

“అద్దం దించితేగా తాగడానికి.”

అత్తగారు తెల్లవారకముందే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వెళ్ళి కారులో డ్రైవరు సీట్లో కూర్చున్నారు. “రేపు కారు గడప దాటదు” అని మామగారు రాత్రే తీర్పు చెప్పి, తాళం చెవి బీరువా మీద పాత సూట్‌కేసు వెనకాల దాచి పడుకున్నారు. దాచడం ఆయన వంతు, తియ్యడం ఆవిడ వంతు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దాచిన వస్తువేదీ ఆవిడకి దొరక్కుండా పోలేదు.

ఆవిడ డ్రైవింగ్ పరీక్ష ఇవాళే. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు గడువు కూడా ఇవాళ్టితో సరి. తప్పితే మళ్ళీ అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అరవై ఏళ్ళ మనిషికి అ ఆలు రెండుసార్లు దిద్దే ఓపిక ఉంటుందా అన్నది కోడలి దిగులు.

వరండాలో మామగారు దినపత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పిన చప్పుడు ఇందాకటి నుంచి వినపడలేదు.

“నాన్నా, మీరొక్కసారి పిలిస్తే దిగుతుంది,” అన్నాడు కొడుకు.

“నేను ఎక్కమన్నానా, దిగమనడానికి?”

“పోనీ తీసుకెళ్ళండి. ఒక్క పూట పనేగా.”

“ఏ కారులో? మార్కెట్టు దాటేలోపు సలసలా మరిగే కారులోనా? పరీక్ష పెట్టే ఆఫీసరుకి ఆవిరి పట్టిస్తుందా మీ అమ్మ?”

నిన్న ఆవిడ పక్కన ఎవరూ లేకుండా కారు తీసినప్పుడు జరిగింది అదే. రద్దీలో, మార్కెట్టు సిగ్నల్ దగ్గర, బానెట్ సందుల్లోంచి పొగలాగా ఆవిరి లేచింది. వెనక బళ్ళు గోల పెట్టాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్, దారిన పోయేవాళ్ళు కలిసి కారుని పక్కకి తోశారు. కబురందుకుని ఆటోలో వచ్చిన మామగారు నలుగురి ముందూ నవ్వుతూ, “మా ఆవిడ నాతోనే కాదు, ఇంజనుతో కూడా వేడిగానే ఉంటుంది” అన్నారు. నలుగురూ నవ్వారు. ఆవిడ మాత్రం అప్పటి నుంచి ఆయనతో నోరు విప్పలేదు.

“లోపం కారుదేమో నాన్నా.”

“కారుదా?” పేపరు కిందికి దిగింది. “రోజూ పొద్దున్నే బైపాస్ మీద నేను తిప్పి తెస్తున్నా. వేడి చూపించే ముల్లు సగం దాటదు. అదే కారు మీ అమ్మ చేతికిస్తే ఉడుకుతుంది. లోపం కారుదో, కాలుదో నువ్వే చెప్పు. క్లచ్ మీంచి కాలు తియ్యదు. మార్చాల్సిన చోట గేరు మార్చదు. ఇంజను ఏడవక ఏం చేస్తుంది?”

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఇంజను గురించి ఆ ఇంట్లో ఆయన మాటే వేదం.

అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డ కొడుకు గోడ గడియారం చూశాడు. అతనికి స్కూటరు తప్ప ఇంకో బండి తెలియదు. “నాకు డ్యూటీ టైమైంది,” అని గొణిగి, భార్య పక్కకొచ్చి, “నువ్వు చూసుకో,” అన్నాడు.

గేటు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

‘నువ్వు చూసుకో’ అన్నది ఈ ఇంట్లో కోడలికి పెట్టిన రెండో పేరు. కొంగు బిగించడానికి చీర కట్టుకోలేదు కాబట్టి చున్నీ సర్దుకుని, గ్లాసుతో సహా వాకిట్లోకి నడిచింది.

రేకుల షెడ్డు కింద కారు. లోపల అత్తగారు నిటారుగా, ఫొటోకి కూర్చున్నట్టు. కోడలు అద్దం మీద వేలితో తట్టింది. అద్దం రెండు వేళ్ళ మేర దిగింది.

“గ్లాసు ఇటివ్వు. బతిమాలడానికొస్తే మాత్రం వెళ్ళిపో.”

“బతిమాలను అత్తయ్యా. తాగండి.”

గుటకలు వేసి గ్లాసు తిరిగిచ్చారు. తర్వాత, నిన్న సాయంత్రం నుంచి లోపల నూరుకుంటున్న మాట బయట పెట్టారు.

“నా కాలే కదా తప్పు? రాత్రంతా అదే ఆలోచించాను. అయితే కాళ్ళు తీసేస్తే సరి.”

“ఏంటత్తయ్యా ఆ మాటలు?”

“చూడు మరి.”

చేతి బ్రేకు లాగి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ఆవిడ తాళం తిప్పారు. ఇంజను అందుకుంది. వెంటనే చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి తీసుకుని, మఠం వేసుకుని కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇప్పుడు క్లచ్ తొక్కుతున్నానా? గేరు ఏడిపిస్తున్నానా? నిలబడ్డ కారు నిలబడ్డట్టే ఉంది. ఇప్పుడూ కాగిందనుకో, తప్పు నాది కాదు. కాగలేదనుకో, దిగి వచ్చి వంట చేస్తాను. ఇంకెప్పుడూ స్టీరింగు ముట్టను.”

ఈ ఆలోచన ఇంతమందిలో ఒక్కరికీ రాలేదు. రేడియేటరు మూత మార్చారు, నీళ్ళు మార్చారు, థర్మోస్టాట్ మార్చారు. డ్రైవరు కాళ్ళు పైకి పెట్టి చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఇద్దరూ ముల్లునే చూస్తూ కూర్చున్నారు. కాసేపు అది నిద్రపోతున్నట్టు కింద పడి ఉంది. తర్వాత మెల్లగా లేచింది. సగం దగ్గరికొచ్చి, ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగింది. లోపల ఎక్కడో ఫ్యాను భుర్రుమని తిరగడం మొదలైంది. ఇక దిగాలి. దిగలేదు. సగం దాటింది.

“పోతోంది,” అన్నారు అత్తగారు గుసగుసగా. “పైకి పోతోందే.”

“అవునత్తయ్యా.”

“నా కాళ్ళెక్కడున్నాయో చూడు. నువ్వే సాక్షివి.”

ఇంజను కాగుతోందని అంత సంబరపడ్డ మనిషిని కోడలు పుట్టాక చూడలేదు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. నవ్వు ఆపుకుందామని పెదవి కొరుక్కున్నారు గానీ ఆగలేదు.

“ఆపు దాన్ని,” మామగారి గొంతు వరండాలోంచి వచ్చింది. “నిలబెట్టిన బండిని ఎందుకు కాలుస్తున్నారు?”

“ఇంకొక్క నిమిషం మామయ్యా,” అంది కోడలు, గ్లాసు అరుగు మీద పెట్టి వద్దామని కారు ముందు నుంచి నడుస్తూ.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

మోకాళ్ళకి వేడిగా తగిలింది. పొయ్యి మూత తీసినప్పుడు తగిలే వేడి. కిందికి చూసుకుంది. చున్నీ కొస ఎగురుతోంది. కారు వైపు కాదు, వెనక్కి, కారుకి దూరంగా.

షెడ్డు కింద గాలి లేదు. ఆకు కదలడం లేదు.

కోడలు పనిచేసేది పూల కోల్డ్ స్టోరేజీలో. కిందటేడు అక్కడ ఒక గది ఫ్యాన్లకి కొత్తగా వైరింగ్ చేశారు. ఫ్యాన్లన్నీ హోరుమని తిరిగాయి. గదిలో మాత్రం చలి లేదు. గులాబీలన్నీ తలలు వాల్చేదాకా ఎవరికీ అంతు పట్టలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా అనే ప్రతివాడూ అన్నాడు. తిరుగుతున్నది ఏ వైపుకి అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత నుంచి ఆమె ప్రతి ఫ్యానుకీ ఒక రిబ్బను ముక్క కట్టించింది, ఒక్క చూపులో తెలియడానికి.

ఆమె వంగి చూసింది. అరచెయ్యి కారు ముందు జాలీకి దగ్గరగా పెట్టింది. వేడి గాలి అరచేతిని తోసింది.

“అత్తయ్యా, ఇంజను ఆపెయ్యండి. ఎర్ర గీత దగ్గరికి పోనివ్వకండి.”

“ఏమైంది?”

జవాబు చెప్పడానికి ఆమె అక్కడ లేదు. వరండా మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మామగారి చేతిలోని పేపర్లో పై పేజీ పట్టుకుని లాగేసింది. అత్తవారింటికి వచ్చాక ఆయన ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోని పిల్ల. ఆయన చేతుల్లో మిగిలిన పేపరు అలాగే ఉంది, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

“పానా బాబాయ్‌కి ఫోన్ చేస్తున్నాను మామయ్యా. మీరూ రండి. మీరు లేకపోతే కుదరదు.”

*

పానా బాబాయ్ అంటే వీధి చివర షెడ్డు మెకానిక్. ఎప్పుడూ చేతిలో పానా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మామగారికి బస్సు డిపో నాటి స్నేహితుడు. ఈ కారు వైద్యమంతా ఆయనదే. అందుకే కాస్త చిరాగ్గానే దిగాడు.

“మళ్ళీ కాగిందా? నిన్నేగా నీళ్ళు నింపాను.”

“ఫ్యాను చూశారా బాబాయ్?” అంది కోడలు.

“చూడకుండా ఉంటానా అమ్మా? ట్రాఫిక్‌లో కాగి, ఖాళీ రోడ్డు మీద కాగకపోతే మొదట చూసేది ఫ్యానే. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాను చెయ్యాలి. శుభ్రంగా తిరుగుతోంది. నా చెవులతో విన్నాను.”

“చెవులతోనే విన్నారు.”

పానా ఆమె వైపు చూశాడు. వెటకారమా అని వెతికాడు. కనపడలేదు.

ఇంజను కాస్త చల్లారనిచ్చారు. తర్వాత అత్తగారిని మళ్ళీ స్టార్ట్ చెయ్యమన్నారు. “ఏసీ వెయ్యి వదినా,” అన్నాడు పానా. “ఫ్యాను దానంతటదే అందుకుంటుంది.”

ఫ్యాను అందుకుంది.

“ఈ ఫ్యాను పని ఏంటి బాబాయ్? గాలిని లోపలికి లాగడమేగా?”

“అంతేగా. ముందు నుంచి లాగి రేడియేటర్లోంచి ఇంజను మీదికి.”

“అయితే ఈ కాగితం ముందు జాలీకి అతుక్కోవాలి.”

కోడలు పేపరు పేజీ విప్పి, జాలీకి ఆనించి, చేతులు వదిలేసింది.

కాగితం అతుక్కోలేదు. ఒక్క క్షణం వణికింది. ఎవరో లోపల్నుంచి ఊదినట్టు పొంగి, ఎగిరి, మామగారి కాళ్ళ దగ్గర పడింది.

ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది.

పానా వంగి కాగితం తీశాడు. తనే మళ్ళీ ఆనించి వదిలాడు. మళ్ళీ ఎగిరింది. మూడోసారి కాగితం మానేసి అరచెయ్యి పెట్టాడు. నెమ్మదిగా తల తిప్పి ఈల లాంటి శబ్దం చేశాడు.

“బయటికి ఊదుతోంది. ఎదురు తిరుగుతోందిరా నాయనా. ఆగినప్పుడు వేడిని వేడి మీదికే తోస్తోంది. బైపాస్ మీద అంత గాలి ముందు దీని ఊదుడు ఏపాటి? అందుకే అక్కడ తెలియలేదు.” జుట్టులో వేళ్ళు పెట్టి గోక్కున్నాడు. “మూత మార్చాను, నీళ్ళు మార్చాను, అన్నీ మార్చాను. కళ్ళెదురుగా తిరుగుతున్నదాన్ని చూసి నమస్కారం పెట్టి పోయాను.”

అత్తగారు కారులోంచి తల బయటికి పెట్టారు.

“అంటే, నా కాలు కాదా?”

“నీ కాలు బంగారం వదినా.”

ఆవిడ ఒక్కసారిగా తలుపు తీసుకుని దిగారు. దిగనన్న మనిషి దిగిన సంగతి ఎవరూ గమనించలేదు, ఆవిడతో సహా. కోడలి రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. “కాలు కాదే. కాలు కాదు,” అని రెండుసార్లు అన్నారు, పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా.

పానా ఇంజను ఆపించి, బ్యాటరీ తీగ ఊడదీసి, బానెట్ కింద దూరాడు. కాసేపటికి ఆయన గొంతు లోపల్నుంచి బోలుగా వినిపించింది.

“ఇదిగో. ఫ్యాను మోటారుకి పోయే రెండు తీగలూ తారుమారైనాయి. ఇక్కడ ముడేసి టేపు చుట్టారు. ఇది నా ముడి కాదే. ఎవరిది?”

కోడలికి తెలుసు. అత్తగారికీ తెలుసు. వేసవి మొదట్లో పాత మోటారు కాలిపోయినప్పుడు పానా ఊళ్ళో లేడు. “దీనికి మెకానిక్కెందుకు” అని, షెడ్డు కింద చాప పరుచుకుని, మోటారు తెచ్చి బిగించింది మామగారే. కారు కాగడం మొదలైంది కూడా ఆ తర్వాతే. రెంటినీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు.

పానా తల పైకెత్తాడు. ముగ్గురూ ఎటు చూడకూడదని అనుకున్నారో అటే చూశారు.

మామగారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. కింద పడ్డ పేపరు పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. కోపగించుకుంటారనుకుంది కోడలు. మెట్లు దిగి వచ్చి చెయ్యి చాపారు.

“కట్టర్ ఇటివ్వు. పక్కకి జరుగు.”

“నేను చేస్తాలే అన్నయ్యా.”

“జరుగు.”

పానా జరిగాడు. మామగారు టేపు ఒలిచి ముడి విప్పారు. పని తెలిసిన చేతులు. కానీ మోటారు తీగల కొసలు రెండూ చేతిలోకి వచ్చాక ఆగారు. ఒకటి ముదురు గోధుమ రంగు, ఒకటి నలుపు. ఆయన వాటిని వెలుతురు వైపు తిప్పారు. తర్వాత ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు, వాసన చూస్తున్నట్టు.

“ఎడమ చేతిలోది నలుపు మామయ్యా,” అంది కోడలు మెల్లగా.

“తెలుసులే.”

తెలిసిన మనిషి అంతసేపు చూడడు. కోడలు ఆ సంగతి లోపలే ఉంచుకుంది.

ముడి మార్చి, టేపు చుట్టి, బ్యాటరీ తీగ బిగించారు. అత్తగారు సీట్లోకి ఎక్కి తాళం తిప్పారు. ఏసీ వేశారు. కోడలు ఈసారి చున్నీ కొసే జాలీ ముందు వదిలింది.

చున్నీ చటుక్కున లోపలికి లాగినట్టు జాలీకి అతుక్కుపోయింది. లాగితే గానీ రాలేదు. పానా ఇటు వచ్చి బానెట్ మీద తబలా వాయించినట్టు రెండు దెబ్బలు వేశాడు. అత్తగారు లోపల చప్పట్లు కొట్టారు. ఇంజను నడుస్తూనే ఉంది, ముల్లు సగం దాకా లేచి, ఇక చాలన్నట్టు అక్కడే కూర్చుంది.

“టైముంది,” అన్నారు అత్తగారు. “మధ్యాహ్నం లోపు రమ్మన్నారు.” తర్వాత అద్దంలోంచి కాకుండా నేరుగా మొగుడి మొహంలోకి చూసి, “పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. రండి,” అన్నారు.

“పానాని తీసుకెళ్ళు.”

“నేను షెడ్డులో ఒక బండిని జాకీ మీద వదిలి వచ్చాను అన్నయ్యా,” అన్నాడు పానా, అప్పటికే గేటు దగ్గరికి నడుస్తూ.

మామగారు చాలాసేపు కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. చివరికి ఎక్కారు. కోడలు వెనక సీట్లో మధ్యలో కూర్చుంది, ముల్లు కనపడేలా.

*

మార్కెట్టు రోడ్డు నిన్నటికంటే కిక్కిరిసి ఉంది. బళ్ళన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాకుతున్నాయి. ఎండ అద్దంలోంచి ఒళ్ళో పడుతోంది.

“ముల్లు?” అన్నారు అత్తగారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“సగం.”

కూరగాయల బండి అడ్డం వచ్చింది. ఆగారు. కదిలారు. మళ్ళీ ఆగారు.

“ఇప్పుడు?”

“సగమే అత్తయ్యా. మేకు కొట్టినట్టుంది.”

నిన్న ఆగిపోయిన చోటు వచ్చింది. నిన్న కారు తోసిన కానిస్టేబుల్ వీళ్ళని దూరం నుంచే గుర్తుపట్టి, ముందుజాగ్రత్తగా చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. అత్తగారు అతని పక్కనుంచి, రెండో గేరులో, పెళ్ళికూతురు నడిచినట్టు సాఫీగా పోనిచ్చారు. అతను మడతలు విప్పుకున్నాడు. కోడలికి నవ్వు ఆగలేదు. అత్తగారు కూడా నవ్వారు. మామగారి మీసం కూడా ఒక్క రవ్వ కదిలినట్టే ఉంది.

“క్లచ్ మీంచి కాలు పూర్తిగా తియ్యి,” అన్నారాయన. కానీ గొంతులో నిన్నటి ఎత్తిపొడుపు లేదు. నేర్పే మనిషి గొంతు.

“తీశాను.”

“ఊఁ. బాగుంది.”

ఆ ‘బాగుంది’ కోసం ఆవిడ ఎన్నాళ్ళు చూశారో ఏమో, చెవుల దాకా ఎర్రబడ్డారు.

వంతెన ఎక్కే ముందు పెద్ద సిగ్నల్. ముందున్న బళ్ళన్నీ దాటిపోయాయి. వీళ్ళ కారు గీత దగ్గర మొదటిదిగా ఆగింది. అడ్డంగా లారీలు, బస్సులు హోరుమని పోతున్నాయి.

“పచ్చ పడింది,” అన్నారు మామగారు. “పోనియ్యి.”

అత్తగారు కదల్లేదు.

“పోనియ్యమంటున్నానా? వెనకవాళ్ళు తిడతారు.”

కోడలు ముందుకి వంగి చూసింది. సిగ్నల్ ఎర్రగా నిప్పుకణికలా వెలుగుతోంది. దాని పక్కన, కాస్త వెనగ్గా, మందుల షాపు మీద పచ్చటి బోర్డు ధగధగమంటోంది. ఇందాకటివి గుర్తొచ్చాయి. ఆ గోధుమ రంగు తీగ, నల్ల తీగ, ముక్కు దగ్గర పెట్టుకున్న ఆ కొసలు.

“ఎర్రదేనండీ,” అన్నారు అత్తగారు. ఎంత మెల్లగా అన్నారంటే, పసిపిల్ల నిద్ర చెడకుండా మాట్లాడినట్టు. “మీకు పచ్చగా కనపడింది మందుల షాపు బోర్డు.”

మామగారి చెయ్యి డాష్‌బోర్డు మీద ఉంది. అది మెల్లగా ఒళ్ళోకి దిగింది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“మీరు పొద్దున్నే బైపాస్ మీదికి మాత్రమే ఎందుకు పోతున్నారో ఆలోచించనా? మనుషులుండరు. సిగ్నళ్ళుండవు.”

“కాస్త మసక అంతే. ఎండ పడితే.”

“డాక్టరు దగ్గరికి పోదాం అని ఎన్నిసార్లన్నాను? కంట్లో పొర తీస్తే మామూలైపోతుందని పక్కింటాయనకి తీసిన డాక్టరే చెప్పాడు. కస్సుమన్నారు. మీతో పోట్లాడి తాళం చెవి లాక్కోవడం నా వల్ల కాదు. నేర్చుకోవడమే తేలికనిపించింది.”

ఆయన మందుల షాపు బోర్డు వైపు మళ్ళీ చూశారు.

నిజంగా పచ్చ పడింది. వెనక హారన్లు మోగాయి. అత్తగారు కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెయ్యి స్టీరింగు వదలాలి. గేరు వేసి వంతెన ఎక్కించారు. ఎక్కుడులో కూడా ముల్లు కదల్లేదు. దాని సంగతి ఇక ఎవరూ అడగలేదు.

*

పరీక్ష ఆవరణలో బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. వీళ్ళ వంతు చివరాఖర్న వచ్చింది. పొట్టి ఆఫీసరు అట్ట పట్టుకుని వచ్చి, “ఇక్కడ గుండ్రాలు తిప్పడం కాదమ్మా, బయట రద్దీలో నడిపి చూపించాలి. సిద్ధమేనా?” అన్నాడు.

“రద్దీలోంచే వచ్చాను,” అన్నారు అత్తగారు.

మామగారు కారు దిగారు. ఆఫీసరు ఎక్కబోతుంటే అత్తగారు అద్దం దించి మొగుణ్ణి పిలిచారు.

“ఏమండీ. ఒకవేళ నేను తప్పాననుకోండి. ఇంటికి ఎవరు నడుపుతారు?”

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. దారి తెలియక అడిగినట్టుంది. మామగారు జేబులో చెయ్యి పెట్టి తన లైసెన్సు తీశారు. దాన్ని కాసేపు బొటనవేలితో రాశారు. అద్దంలోంచి ఆవిడ ఒళ్ళో పడేశారు.

“నేను నడపను,” అన్నారు.

అంతే అన్నారు. అత్తగారు దాన్ని తీసి కళ్ళకద్దుకోలేదు, ఏమీ చెయ్యలేదు. డాష్‌బోర్డు అరలో పెట్టి, సీటు బెల్టు లాగి చూసుకుని, ఇంజను స్టార్ట్ చేశారు.

కారు ఆవరణ దాటింది. కోడలు, మామగారు రేకుల పందిరి కింద నిలబడ్డారు. ఆయన కళ్ళు చికిలించి రోడ్డు వైపే చూస్తున్నారు. ఆ చూపు ఎక్కడ ఆగిపోతోందో కోడలికి ఇప్పుడు తెలుసు.

“ఎటు తిరిగింది?”

“ఎడమకి మామయ్యా.”

“ఇండికేటరు?”

“వేశారు.”

“ముందర ఏముంది?”

“లారీ. ఆగారు. మధ్యలో చాలినంత చోటు వదిలారు.”

“వదలాలి. లారీ వెనక్కి జారుతుంది.” ఆయన ఒక అడుగు ముందుకేశారు. “తర్వాత?”

“లారీ కదిలింది. అత్తయ్య కూడా కదిలారు. అదుగో, సైకిలు ఒకటి అడ్డం దూరింది. తప్పించారు.”

“ఎటు తప్పించింది?”

“కుడికి. మళ్ళీ వరసలోకి వచ్చేశారు.”

అంతలో పెద్ద బస్సొకటి వచ్చి వీళ్ళకీ రోడ్డుకీ అడ్డంగా నిలబడింది. కోడలు మునివేళ్ళ మీద లేచింది. చాల్లేదు. బెంచీ ఎక్కింది. బస్సు కదిలేసరికి మలుపు దగ్గర దుమ్ము తప్ప ఏం లేదు.

“ఇప్పుడు?” అన్నారు మామగారు.

కోడలు చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చివరిదాకా వెతికింది.

“ఇప్పుడు నాకూ కనపడట్లేదు మామయ్యా.”

“అయితే మాట్లాడకు,” అన్నారాయన, తల ఒక పక్కకి వంచి. “ఆ ఇంజను నాకు తెలుసు. విననీ.”